ఆయన పోయాక అప్పులవాళ్లు వస్తే...

ఇంటి పెద్ద కన్నుమూస్తే దుఃఖంతో పాటు లెక్కలు కూడా గుమ్మంలోకి వస్తాయి. అందులో ఏది తీర్చాలి, ఏది అడిగి చూడాలి, దేని మీద సంతకం పెట్టకూడదు? ప్రతి ఇల్లాలూ ముందే తెలుసుకుని ఉంచుకోవలసిన సంగతులివి.

నంద్యాల, ఆళ్లగడ్డ పక్క ఊళ్లలో అప్పు లేని ఇల్లు వెతికితే దొరకడం కష్టమే. నల్లరేగడి చేలు, కె.సి. కాలువ కింద మడులు. పత్తి, మిరప, శనగ, వరి... ఏది వేసినా పంట చేతికి రాకముందే డబ్బు కావాలి. విత్తనాలకు, ఎరువులకు, మందులకు, కూలీలకు. కొంత బ్యాంకులో పంట రుణం, కొంత సొసైటీలో, కొంత ఎరువుల కొట్టులో ఖాతా, కొంత కమీషన్ ఏజెంటు దగ్గర. హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే వాళ్లయితే ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు. అప్పటికీ చాలకపోతే ప్రాంసరీ నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇల్లయినా, నంద్యాల బజారులో చిన్న అంగడి నడిపే ఇల్లయినా ఇంతే. పేర్లు మారతాయి గానీ పద్ధతి ఒకటే.

ఈ లెక్కంతా మగవాళ్ల మనసులోనో, చొక్కా జేబులో చిన్న పుస్తకంలోనో ఉంటుంది. "నీకెందుకు, నేను చూసుకుంటా కదా" అంటారు. మనమూ సరేలే అనుకుంటాం. ఉన్నట్టుండి ఆ మనిషే లేకపోతే? దినాలు కూడా కాకముందే ఒక్కొక్కరూ వస్తారు. పలకరింపుకు వచ్చినవాళ్లెవరో, బాకీ అడగడానికి వచ్చినవాళ్లెవరో తెలియని పరిస్థితి!

అలాంటప్పుడు ఇల్లాలు చేసే పని రెండు రకాలుగా ఉంటుంది. కొందరు భయపడి ఏ కాగితం పెడితే దాని మీద సంతకం చేసేస్తారు. కొందరు "నాకేం తెలీదు, ఆయన్నే అడుక్కోండి" అని తలుపు వేసుకుంటారు. రెండూ నష్టమే. మూడో దారి ఒకటుంది. అది చట్టం చూపించిన దారి, మర్యాద కూడా దక్కే దారి.

ముందు ఒకే ఒక్క మాట: సంతకం వద్దు

మొదటి నెల రోజులు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి. ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే.

"చెల్లెమ్మా, బావ నాకు లక్షా ఇరవై వేలు ఇయ్యాల. నువ్వేం ఇప్పుడే కట్టొద్దులే, ఊరికే ఈ నోటు వెనక ఒక సంతకం పెట్టు" అని ఎవరైనా అంటే, "అన్నా, నోటు జిరాక్సు ఇచ్చిపో. దినాలు కానీ, పెద్దోళ్లకు చూపించి మాట్లాడతా" అనండి. ఇందులో ఎవరినీ అవమానించింది లేదు. అప్పు నిజమైతే జిరాక్సు ఇవ్వడానికి ఆయనకు అభ్యంతరం ఉండదు.

సంతకానికి అంత భయం ఎందుకంటారా? 1963 కాలపరిమితి చట్టం ప్రకారం మామూలు ప్రాంసరీ నోటుకు మూడేళ్లే గడువు. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు కోర్టులో దావా వేయాలి. ఆ లోపల బాకీదారు కొంత డబ్బు కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. రెండేళ్ల పదకొండు నెలల నోటు మీద మీరు అమాయకంగా పెట్టే సంతకం మీ వరకు దానికి మళ్లీ మూడేళ్ల ఆయుష్షు పోస్తుంది. గడువు దాటిపోయిన నోటుకు కూడా "ఈ బాకీ నేను తీరుస్తాను" అని కొత్తగా రాసిస్తే అది కొత్త ఒప్పందం కిందే చెల్లుతుంది. ఇక పాత నోటు చించేసి మీ పేరు మీద కొత్త నోటు రాయించుకుంటే చెప్పేదేముంది? ఆయన అప్పు కాస్తా మీ సొంత అప్పు అయిపోతుంది.

బాకీ ఎవరిది?

చనిపోయిన మనిషి అప్పు ఆయన వదిలి వెళ్లిన ఆస్తి మీద ఉంటుంది. భార్య అయినంత మాత్రాన ఆమె తన సొంత సొమ్ములోంచి తీర్చాలని లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతుంది: చనిపోయినవారి ఆస్తి ఎంత మేరకు వారసుల చేతికి వచ్చిందో అంత మేరకే వారి బాధ్యత.

ఇంట్లో లెక్కలా చూద్దాం. ఆయన పేరున ఉన్న పొలం, బ్యాంకులో డబ్బు, బండి అన్నీ కలిపి విలువ మూడు లక్షలు, అప్పులు ఐదు లక్షలు అనుకోండి. వారసులు తీర్చవలసింది ఆ మూడు లక్షల మేరకే. మిగిలిన రెండు లక్షల కోసం మీ పుట్టింటివారు పెట్టిన బంగారాన్ని గానీ, మీ కుట్టుమిషను సంపాదనను గానీ, మీ అబ్బాయి జీతాన్ని గానీ కోర్టు ద్వారా పట్టుకోవడం కుదరదు.

మరి "తండ్రి అప్పు కొడుకు తీర్చాలి" అంటారే? పాత హిందూ ధర్మశాస్త్రంలో ఆ నియమం ఉండేది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ ఏడాది సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పులకు "నువ్వు కొడుకువి కాబట్టి కట్టు" అని దావా వేసే హక్కును తీసేశారు. ఆ పాత శాస్త్రం కూడా భార్య మీద ఈ బరువు పెట్టలేదు సుమండీ! తాను ఒప్పుకున్నదో, భర్తతో కలిసి చేసిందో, తానే చేసిందో అయితే తప్ప భర్త అప్పు భార్య తీర్చనక్కర్లేదని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగులోకి తెచ్చాడు. అంటే ఈ సంగతి మన భాషలోకి వచ్చి ఏడు వందల ఏళ్లు దాటింది. మన వంటింట్లోకి మాత్రం ఇంకా రాలేదు.

ముస్లిం కుటుంబాల్లో వరుస ఇలా ఉంటుంది: ముందు అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు, ఆ తర్వాత వీలునామా, చివరికి వారసుల వాటాలు. ఇంకో ముఖ్యమైన మాట. భర్త ఇవ్వకుండా మిగిల్చిన మెహర్ కూడా అప్పే. అంటే భార్య కూడా అప్పులవాళ్లలో ఒకరు! బాకీల జాబితా రాసేటప్పుడు ఆ మొత్తం రాయడం మరిచిపోవద్దు.

ఈ రక్షణ అంతా ఒక్క సందర్భంలో పనిచేయదు. నోటు మీద ఆయనతో పాటు మీరూ సంతకం చేసి ఉంటే, లేదా జామీను ఉండి ఉంటే, ఆ బాకీ మీది కూడా. "ఆయన పెట్టమంటే పెట్టాను, చదవలేదు" అంటే కోర్టు వినదు. కాబట్టి బ్యాంకు కాగితాలూ, నోట్లూ చూసేటప్పుడు మీ సంతకం ఎక్కడైనా ఉందేమో ముందు అదే చూడండి.

ఒక నోటుబుక్కు పెట్టండి

పాలవాడి లెక్క, చాకలి పద్దు రాసుకునే చేతికి ఇదేమీ కష్టం కాదు. ఒక వంద పేజీల పుస్తకం తీసుకుని రెండు భాగాలు చేయండి. మొదటి భాగంలో "మనం ఇవ్వవలసినవి", రెండో భాగంలో "మనకు రావలసినవి". మొదటి దానికి ఈ గడులు గీయండి: ఎవరికి, ఎంత అసలు, ఏ తేదీన, వడ్డీ ఎంత, కాగితం ఉందా, కట్టింది ఎంత, మీ సంతకం ఉందా.

ఎక్కడ వెతకాలి? బీరువాలో, ట్రంకుపెట్టెలో, బండి డిక్కీలో, దేవుడి గూట్లో కూడా చూడండి. పాసుపుస్తకాలు, కుదవ రసీదులు, చీటీ పుస్తకాలు, ఎరువుల కొట్టు బిల్లులు, ఇన్సూరెన్సు బాండ్లు, పాత డైరీలు... ఏదీ పారేయవద్దు. ఫోనుకు వచ్చిన బ్యాంకు మెసేజీలు చదివించండి. ఆయన సిమ్ కార్డును వెంటనే ఆపేయకండి, ఆ మెసేజీలే ఎన్నో సంగతులు చెబుతాయి.

పొలం మీద తాకట్టు ఉందేమో తెలియాలంటే నంద్యాలలోనో, ఆళ్లగడ్డలోనో మీ ఊరికి సంబంధించిన సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించండి. రిజిస్టరు చేసిన తాకట్టు అందులో కనిపిస్తుంది. పట్టాదారు పాసుపుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే అది కూడా రాసుకోండి. పాసుపుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన పొలం ఆయనదైపోదు. కానీ ఎవరి దగ్గర ఉందో, ఎందుకు ఇచ్చారో తెలియాలి.

నోటును ఎలా చూడాలి?

ఎవరైనా నోటు చూపిస్తే కంగారుపడకుండా ఈ ఐదూ చూడండి.

1. తేదీ. మూడేళ్లు దాటిందా?

2. రెవెన్యూ స్టాంపు. స్టాంపు లేని ప్రాంసరీ నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు.

3. సంతకం. బ్యాంకు కాగితాల మీద ఉన్న ఆయన సంతకంతో పోల్చండి.

4. రాసిన వ్యక్తి, సాక్షులు. ఊళ్లో వాళ్లే అయితే వెళ్లి అడగండి.

5. వెనక చెల్లులు. ఆయన కట్టిన డబ్బు రాశారా? మీ డైరీలో ఉన్నది అక్కడ లేకపోతే గట్టిగా అడగండి.

తర్వాత వడ్డీ లెక్క. నోటులో అసలు 50 వేలు, వడ్డీ నూటికి నెలకు 2 రూపాయలు, రెండేళ్లు అయిందనుకోండి. నెలకు వెయ్యి చొప్పున 24 నెలలకు 24 వేలు. మొత్తం 74 వేలు. అదే చక్రవడ్డీ వేస్తే, ఏడాదికి ఒకసారి వడ్డీని అసలులో కలిపినా 76,880 అవుతుంది. ఏడాది చివర ఆయన 10 వేలు కట్టి ఉంటే మామూలు వడ్డీ లెక్కన మిగిలేది 64 వేలే. ఒకే నోటు, మూడు అంకెలు! నోటులో చక్రవడ్డీ అని రాసి లేకపోతే ఎందుకు ఒప్పుకోవాలి?

వడ్డీ మరీ ఎక్కువైతే తగ్గించే అధికారం 1918 నాటి అధిక వడ్డీల చట్టం కింద కోర్టుకు ఉంది. మన కర్నూలు సీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో, రైతుల అప్పుల భారం తగ్గించడానికే ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. మీది వ్యవసాయ కుటుంబమైతే ఈ రెండింటి సంగతీ వకీలును తప్పక అడగండి.

ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే? "చెక్కు బౌన్సు చేసి జైలుకు పంపిస్తా" అని బెదిరించేవాళ్లు ఉంటారు. చెక్కు మీద సంతకం పెట్టిన మనిషి పోయాక ఆ క్రిమినల్ కేసు భార్యాపిల్లల మీదికి రాదు. జాయింటు అకౌంటు అయినా సరే, చెక్కు మీద సంతకం పెట్టనివారి మీద ఆ కేసు నిలవదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు బాకీ ఉంటే సివిల్ దావా వేసుకోవచ్చు, అంతే.

ఇవి జప్తు చేయరాదు

కోర్టు డిక్రీ ఇచ్చినా సరే, కొన్ని వస్తువుల జోలికి వెళ్లకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, మంగళసూత్రం లాంటి ఆచారం ప్రకారం తీయకూడని నగలు, చేతివృత్తి వారి పనిముట్లు ఇందులో ఉన్నాయి. ఉలి, సుత్తి పట్టుకుని బతికే ఇంట్లో ఆ ఉలి, సుత్తికి కూడా రక్షణ ఉందన్నమాట. వ్యవసాయ పనిముట్లు, కోర్టు అవసరమనుకున్న మేరకు పశువులు, విత్తనాలు కూడా అంతే. వ్యవసాయం మీద బతుకుతూ అందులోనే కాపురముండే ఇంటికీ మినహాయింపు ఉంది. అయితే ఆ ఇంటినే తాకట్టు పెట్టి ఉంటే మాత్రం ఈ మాట చెల్లదు.

కోర్టే ముట్టుకోకూడని వస్తువును అప్పిచ్చినాయన వచ్చి ఎత్తుకుపోతానంటే ఊరుకుంటామా? మనుషులను పెట్టి సామాన్లు బయట వేయించడం, బండి లాక్కుపోవడం, ఇంటి ముందు కూర్చుని బూతులు తిట్టడం... ఇవన్నీ పోలీసు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు చేయదగ్గ విషయాలే.

బ్యాంకు, సొసైటీ, పొదుపు సంఘం

మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలోనో, మున్సిపాలిటీలోనో నమోదు చేయించి ధ్రువపత్రం కాపీలు ఎక్కువగా తీసుకోండి. దాంతో బ్యాంకుకు వెళ్లి బాకీ ఎంత, అసలెంత, వడ్డీ ఎంత అన్నది కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆ అప్పుకు ఇన్సూరెన్సు ఉందేమో అడగడం మరవద్దు. ఇల్లు, బండి, చిన్న గ్రూపు రుణాలకు చాలాసార్లు బీమా కట్టించుకునే ఉంటారు.

"ఈ అప్పు మీ పేరు మీదికి మార్చుకోండి, కొత్త పంట రుణం ఇస్తాం" అని బ్యాంకువారు అనవచ్చు. పొలం మీరే చేయబోతుంటే అది మంచిదే కావచ్చు. కానీ ఆ సంతకంతో అప్పు మీ సొంతం అవుతుందని తెలిసి పెట్టండి. ఒకేసారి కట్టేస్తే ఎంత తగ్గిస్తారని కూడా అడగండి. అడగనిదే అమ్మయినా పెట్టదు కదా!

మీ నగలే ఆయన పేరు మీద కుదవలో ఉంటే, వేలానికి ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు పాత అడ్రసుకు పోయి మీకు అందకపోతే కష్టం. కాబట్టి ముందే వెళ్లి వారసులమని చెప్పి మీ అడ్రసు, ఫోను నంబరు రాయించండి.

పొదుపు సంఘంలో సభ్యురాలు చనిపోతే సంఘం కూర్చుని ఆమె పొదుపు ఎంత, బాకీ ఎంత అన్నది తీర్మానం రాసుకోవాలి. మిగతావాళ్లు కూడా ఆమె ఇంటి బాధను గుర్తుంచుకుని మాట్లాడాలి. మైక్రోఫైనాన్సు సంస్థలవాళ్లు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. బంధువులను, పక్కింటివాళ్లను వేధించడం కూడా తప్పే.

మనకు రావలసింది కూడా చూడండి

అప్పుల గొడవలో పడి చాలామంది రావలసిన డబ్బు మరిచిపోతారు. బ్యాంకు పాసుపుస్తకంలో ఏడాదికోసారి 436 రూపాయలు కోసినట్టు ఉందా? అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా. 2015లో మొదలైన పథకం. మొదట్లో ఏడాదికి 330 ఉండేది, 2022 జూన్ నుంచి 436 అయింది. ఏ కారణంతో పోయినా నామినీకి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలు కోసి ఉంటే అది ప్రమాద బీమా. రెండింటికీ వెంటనే బ్యాంకులో దరఖాస్తు పెట్టండి.

ఎల్‌ఐసీ పాలసీ తీసుకునేటప్పుడు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరు మీద రాయించి ఉంటే ఆ సొమ్ము వాళ్లదే. అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. బతికున్న మీవారు కొత్తగా పాలసీ తీసుకుంటుంటే ఏజెంటుకు ఈ మాట ఒక్కటి చెప్పండి, ఆ ఫారం వేరేగా ఉంటుంది.

బ్యాంకులో నామినీ పేరు ఉంటే కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. నామినీ అంటే డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులందరిదీ అని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అత్తగారి వాటా, ఆడపిల్లల వాటా మరిచిపోకండి. కమీషన్ ఏజెంటు దగ్గర మిగిలిన పంట డబ్బు, పాలకేంద్రం బిల్లు, పాడని చీటీ, ఆయన ఇతరులకు ఇచ్చిన చేబదుళ్లు... అన్నీ రెండో భాగంలో ఎక్కించండి.

పొలం అమ్మమంటే?

"రెండెకరాలు రాసివ్వు, అప్పు చెల్లు" అనే మాట తరచుగా వస్తుంది. తొందరపడకండి. ఆ పొలంలో మీ ఒక్కరి వాటాయే కాదు, పిల్లలదీ, బతికుంటే అత్తగారిదీ వాటా ఉంటుంది. పిల్లలు మైనర్లయితే వాళ్ల సొంత వాటాను కోర్టు అనుమతి లేకుండా తల్లి కూడా అమ్మకూడదని 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం చెబుతుంది. అప్పులు తీర్చడానికి అమ్మక తప్పకపోతే వకీలును అడిగి, బజారు ధర కనుక్కుని, నలుగురికీ తెలిసేలా అమ్మి ఆ డబ్బుతో కట్టండి. అప్పిచ్చినవాడికే వాడు చెప్పిన ధరకు రాసివ్వడం నష్టం.

ఇంకో జాగ్రత్త. అప్పులకు భయపడి ఆస్తిని అన్నదమ్ముల పేరు మీదికి మార్చడం, చేతికొచ్చిన డబ్బు లెక్క లేకుండా ఖర్చు చేయడం మంచిది కాదు. ఆయన ఆస్తి ఏమైందో లెక్క చెప్పలేకపోతే, ఆ మేరకు కోర్టు మిమ్మల్నే కట్టమంటుంది. అంత్యక్రియల ఖర్చు, ఆసుపత్రి బిల్లు, కట్టిన బాకీ రసీదు... అన్నీ దాచండి. ఆ రసీదులే మీకు రక్ష.

అప్పు బాధతోనే పోయిన ఇళ్లలో...

చెప్పడానికి మనసు రాదు కానీ చెప్పక తప్పదు. పత్తి పోయి, మిరప ధర పడిపోయి, అప్పు తీర్చలేక ప్రాణం తీసుకున్న రైతులు మన జిల్లాలోనూ ఉన్నారు. ఆ కుటుంబాల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 జూన్ 1న 421 నంబరు జీవో ఇచ్చింది. అందులో లక్షన్నర సాయం. లక్ష కుటుంబం నిలబడడానికి, 50 వేలు అప్పులవాళ్లతో ఒకేసారి పరిష్కారం చేసుకోవడానికి. అప్పులవాళ్లను వేరేగా పిలిచి తేల్చాలని ప్రభుత్వమే గుర్తించిందన్నమాట. ఆ సాయాన్ని 2015లో 5 లక్షలకు, 2019లో 7 లక్షలకు పెంచారు. ఆర్డీవో, పోలీసు, వ్యవసాయ శాఖ అధికారుల కమిటీ విచారించి తేలుస్తుంది.

అయితే ఎంతోమంది ఇల్లాళ్లు ఈ సాయం అందక తిరిగి వచ్చారు. కారణం కాగితాలే! కౌలు నోటిమాట మీద, అప్పు నోటిమాట మీద. ఆయన సాగు చేశాడనీ, అప్పు చేశాడనీ రుజువు చేయలేకపోయారు. అందుకే అప్పులవాళ్లు చూపించే నోటు జిరాక్సు తీసుకోమన్నది. పీడ అనుకున్న ఆ కాగితమే ఇలాంటి చోట సాక్ష్యం అవుతుంది. కౌలు రైతులైతే 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం ముందే తీసుకుని ఉంచాలి. ఇప్పుడు ఎంత ఇస్తున్నారు, ఏ కాగితాలు కావాలి అన్నది మీ ఆర్డీవో ఆఫీసులో కనుక్కోండి. ఇంట్లో ఎవరైనా మరీ కుంగిపోతుంటే 14416 నంబరుకు ఫోను చేయించండి. అది ఉచితంగా మాట్లాడే మానసిక ఆరోగ్య సహాయం.

కూర్చుని తేల్చుకునే రోజు

దినాలైన తర్వాత, లెక్క చేతికి వచ్చాక, అప్పులవాళ్లందరినీ ఒకే రోజు పిలవండి. పుట్టింటి నుంచి అన్నో, మేనమామో ఒకరు, అత్తింటి నుంచి ఒకరు, ఊళ్లో లెక్క తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉంటే చాలు. మీరు కూడా ఆ కూర్పులో కూర్చోవాలి. "ఆడదానివి, నువ్వు లోపలికి పో" అంటే వినవద్దు. లెక్క రాసింది మీరే కదా!

ఆయన ఆస్తి ఇంత, అప్పులు ఇన్ని అని పుస్తకం చదివి వినిపించండి. తాకట్టు ఉన్న అప్పు ముందు, తర్వాత మిగతావి. ఆస్తి చాలకపోతే అందరికీ అదే పాళ్లలో ఇస్తామనండి. వడ్డీ వదులుకుని అసలు తీసుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కట్టిన వెంటనే నోటు వెనక "పూర్తిగా చెల్లు" అని రాయించి, సంతకం పెట్టించి, అసలు నోటు వెనక్కి తీసుకోండి. "తర్వాత పంపిస్తాలే" అంటే డబ్బు కూడా తర్వాతే ఇస్తామనండి.

ఊళ్లో తేలకపోతే కోర్టు మెట్లు ఎక్కడానికి భయం వద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నంద్యాలలో అయినా, ఆళ్లగడ్డలో అయినా కోర్టుకు వెళ్లి న్యాయసేవల కమిటీ ఎక్కడని అడగండి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాజీ అయితే దాని మీద అప్పీలు కూడా ఉండదు. కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం తీసుకోకుండా తిప్పి పంపకండి. మీరు హాజరు కాకపోతే అవతలివాళ్లు చెప్పిందే నిజమని డిక్రీ ఇచ్చేస్తారు.

కాగితం లేని చిన్న చిన్న బాకీలు కూడా ఉంటాయి. ఆసుపత్రికి పోయేటప్పుడు పక్కింటామె ఇచ్చిన రెండు వేలు, కూలీల వారం డబ్బులు. వీటికి కాగితం లేకపోయినా మన మనసు చెబుతుంది. అప్పు నిజమని తెలిస్తే వీటినే ముందు తీర్చండి. రేపు మళ్లీ ఆ ఇంటి గడపే తొక్కాలి.

ఒక సంచిలో ఉంచవలసినవి

మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్ కాపీలు, బ్యాంకు పాసుపుస్తకాలు, పట్టాదారు పాసుపుస్తకం, ఈసీ, బీమా బాండ్లు, కుదవ రసీదులు, నోట్ల జిరాక్సులు, కట్టిన రసీదులు, లెక్కల పుస్తకం.

ఈ రోజే చేయదగ్గ పని

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆ కష్టం రాలేదు, రాకూడదు కూడా. అయినా రాత్రి భోజనాలయ్యాక మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: మనం ఎవరికి ఎంత ఇవ్వాలి, మనకు ఎవరు ఇవ్వాలి, కాగితాలు ఎక్కడున్నాయి, ఎక్కడెక్కడ నామినీ పేరు రాశావు? "అపశకునం మాటలు" అని కసురుకుంటే, "ఇంటి లెక్క అడిగితే అపశకునం ఎట్లా అవుతుంది?" అనండి. మీ పేరు మీద పొదుపు సంఘంలో ఉన్న అప్పు సంగతి కూడా ఆయనకు చెప్పండి. ఇద్దరూ కలిసి రాసిన పేజీ ఒకటి బియ్యం డబ్బా పక్కన ఉంటే, రేపు ఎవరో వచ్చి చెప్పే లెక్కను నమ్మవలసిన అవసరం ఇద్దరిలో ఎవరికీ ఉండదు.